పులుసు మాత్రమే మిగిలే మన కంచాల గురించి, పొదుపు సంఘాల అక్కలకి ఒక ఉత్తరం

కావలి, బోగోలు, కలిగిరి, ఉలవపాడు, కందుకూరు వైపు పొదుపు సంఘాల్లో ఉన్న అక్కలకీ చెల్లెళ్ళకీ, సంఘం లీడర్లకీ, గ్రామ సంఘం ఓబీలకీ (ఆఫీస్ బేరర్లకీ), సంఘాల పుస్తకాలు రాసే యానిమేటర్లకీ నమస్కారం.

నాది కావలి. ఇంట్లోనే మిషన్ కుడతాను. మా సంఘంలో రెండో లీడర్ని, చేరి పద్నాలుగేళ్ళయింది. పుట్టిల్లు ఒంగోలు పక్కన నాగులుప్పలపాడు. పోయిన నెల మా మీటింగ్‌లో ఒక చెల్లి ముప్పై వేలు అప్పు అడిగింది. దేనికమ్మా అంటే కాసేపు గమ్మున కూర్చుని, కొంగు వేలికి చుట్టుకుంటా, బరువు తగ్గే పౌడర్ డబ్బాలకక్కా అంది. తీర్మానం పుస్తకంలో "ఇంటి అవసరం" అని రాసి అందరం సంతకాలు పెట్టేశాం. నేనూ పెట్టా. ఇంటికొచ్చినాక నిద్ర పట్టలా, ఎందుకంటే మూడేళ్ళ కిందట నేను ఇదే పుస్తకంలో ఇదే మాట రాయించుకుని ఇదే పనికి అప్పు తీసుకున్నా, అది ఏమయిందో నాకు తెలుసు, తెలిసి కూడా ఆ పిల్లకి అక్కడ చెప్పలేకపోయా. అందుకే ఇప్పుడు ఆ ఒక్క పిల్లకే కాకుండా అందరికీ రాస్తున్నా.

నా సంగతి చెప్తా ముందు. అప్పుడు 78 కేజీలు ఉన్నా, ఎత్తేమో ఐదడుగుల రెండంగుళాలు, పరగడుపున షుగర్ 118 వచ్చింది. తెలిసినామె ఒకామె పొద్దున టిఫిన్, రాత్రి అన్నం మానేసి ఆ పౌడర్ కలిపిన షేక్ తాగమంది. నెలకి ఏడు వేల చిల్లర అయ్యేది. మూడు నెలల్లో ఆరు కేజీలు తగ్గా, చూసినోళ్ళందరూ మెచ్చుకున్నారు, నా ఫోటోలు ముందు ఒకటి తర్వాత ఒకటి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగినాయి. తర్వాత డబ్బులు అయిపోయినాయి, అన్నం మళ్ళీ మొదలైంది, ఎనిమిది నెలల్లో తొమ్మిది కేజీలు పెరిగా. అంటే మొదలుపెట్టిన దానికన్నా మూడు కేజీలు ఎక్కువే. జుట్టు ఊడింది, మిషన్ తొక్కుతుంటే తొడల్లో సత్తువ లేదు, కిస్తీలు మాత్రం ఇంకో ఏడాది కట్టా. ఆ అమ్మిన ఆమెని నేను తిట్టట్లా, ఆమె కూడా ముందు డబ్బులు పెట్టి ఇరుక్కున్న మనిషే.

ఖాళీ డబ్బాల్ని పారెయ్యకుండా బొత్తాలు, హుక్కులు వేసుకున్నా. ఒకరోజు హుక్కులు వెతుకుతా డబ్బా వెనకాల రాసింది చదివా. అర కేజీ డబ్బా, స్కూపుకి 9 గ్రాముల ప్రోటీన్, మొత్తం 20 స్కూపులు. అంటే డబ్బా అంతా కలిపి 180 గ్రాములు. మా పుట్టింట్లో పండే శనగల్లో కేజీకి దాదాపు 190 గ్రాములు ఉంటది. రెండు వేలు పెట్టి కొన్న డబ్బాలో ఉన్న ప్రోటీన్ వంద రూపాయల్లోపు వచ్చే కేజీ శనగల్లో ఉందక్కా. పౌడర్‌లో ప్రోటీన్ శనగల కన్నా తేలిగ్గా అరుగుద్ది, విటమిన్లు కూడా కలిపారు, అది నేను కాదనను, కానీ దాని కోసం అప్పు చేయాల్సిన అవసరం ఏముంది అనేది నా బాధ. ఆ రోజు ఆ డబ్బా చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చున్నా.

తర్వాత మా వార్డు ఆరోగ్య కేంద్రంలో షుగర్ చూసే నర్సమ్మ ఒక మాట అడిగింది, రోజంతా ఏం తింటావో మూడు రోజులు రాసుకుని రామ్మా అని. నేను ఇంకో అడుగు ముందుకేసి మూడొందలు పెట్టి చిన్న తూకం మిషన్ కొని తూచి రాశా. మధ్యాహ్నం నేను పెట్టుకునే అన్నం 450 గ్రాములు, రాత్రి 300. పప్పుచారు ఐదుగురికి చేసేది చారెడు కందిపప్పుతో, తూస్తే ఆ చారెడు 70 గ్రాములు. 70 గ్రాముల పప్పులో ప్రోటీన్ 15 గ్రాములు, ఐదుగురికి పంచితే మనిషికి 3. మూడంటే మూడు గ్రాములు! పొద్దున మూడు ఇడ్లీలు, మూడు టీలు, మధ్యాహ్నం వేపుడు, చివర్లో మజ్జిగ, అన్నీ కలిపి లెక్కేస్తే రోజు మొత్తానికి నాకు 36 గ్రాములు కూడా సరిగ్గా రాలా, అందులో సగం అన్నంలోంచి వచ్చిందే.

హైదరాబాద్‌లో తార్నాక దగ్గర జాతీయ పోషకాహార సంస్థ ఉంది, దేశం మొత్తానికి ఎవరికి ఎంత తిండి కావాలో లెక్క కట్టేది వాళ్ళే. వాళ్ళ లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దోళ్ళకి కేజీ బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి, 55 కేజీలు ఉండాల్సిన ఆడమనిషికి అది 46 గ్రాములు. ఇది మామూలుగా ఉండటానికి. బరువు తగ్గాలని తిండి తగ్గించుకున్నప్పుడు కండ పోకుండా ఉండటానికి ఇంకొంచెం ఎక్కువే, 1.2 దాకా అంటారు, అంటే 65 గ్రాముల చుట్టూ. నాకు 36. మీకూ దాదాపు అంతే ఉంటదని నా నమ్మకం, ఎందుకంటే మీ ఇళ్ళల్లో నేను భోజనం చేశా, మీ పప్పుచారు నాకు తెలుసు.

2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రం ఆడవాళ్ళల్లో నూటికి 36 మందికి బరువు ఎక్కువ, నూటికి 59 మందికి రక్తం తక్కువ అని వచ్చింది. ఒళ్ళు వస్తా ఉంటది, లోపల రక్తం ఉండదు. ఈ రెండూ ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే మనిషిలో ఎట్టా ఉంటాయి అనేది నాకు చాన్నాళ్ళు అర్థం కాలా. ఒక ఆదివారం అర్థమైంది.

ఆ రోజు బొచ్చె చేప తెచ్చారు, కేజీ పైన. పులుసు పెట్టా, మామిడికాయ వేసి, మట్టి దాకలో. పది ముక్కలు వచ్చినాయి. మా ఆయనకి మూడు, మా బాబుకి మూడు, మా అత్తమ్మకి ఒకటి, మా పాపకి రెండు వడ్డించా, నాకు తోక ముక్క, పులుసు. ఇది ఎప్పుడూ ఇట్నే జరుగుద్ది, ఎవరూ నన్ను తినొద్దని అన్లా. నేను వడ్డించి పక్కకి తిరిగి చూసేసరికి మా పాప, పదిహేడేళ్ళ పిల్ల, తన కంచంలో ఒక ముక్క తీసి తమ్ముడి కంచంలో వేస్తోంది. వాడు అడగలా. నేను చెప్పలా. చేత్తో ముల్లు చూసి మరీ వేస్తోంది. ఆ చెయ్యి చూస్తే నాకు మా అమ్మ చెయ్యి గుర్తొచ్చింది, అట్నే, ముల్లు తీసి మా అన్నకి వేసేది. ఆ ముక్క వెనక్కి తీసి పాప కంచంలో వేశా, రెండో చేత్తో మా ఆయన కంచంలోంచి ఒకటి తీసుకుని నా కంచంలో పెట్టుకున్నా. ఆయన నా వంక చూసి ఏమీ అన్లా, పులుసు కలుపుకుని తిన్నాడు.

అక్కా, నేను చెప్పాలనుకున్నది ఇదే. మనం ఒళ్ళు పెరిగేది ఎక్కువ తిని కాదు. చివర్లో మిగిలింది తిని. ముక్కలు అయిపోతాయి, గుడ్లు అయిపోతాయి, పెరుగు అయిపోద్ది, మిగిలేది అన్నం, పులుసు, పచ్చడి. ఆకలి తీరాలి కాబట్టి అన్నం ఇంకో గరిట వేసుకుంటాం. ఆ అన్నం రెండు గంటల్లో అరిగిపోద్ది, సాయంత్రం ఐదుకి మళ్ళీ ఆకలి, టీ, నాలుగు బిస్కెట్లు, మురుకులు. ఇట్టా పదేళ్ళు గడిస్తే 78 కేజీలు. అప్పుడు సిగ్గుపడి సంఘంలో అప్పు తీసి డబ్బా కొంటాం. ఇంట్లో రెండో గుడ్డు అడగటానికి సిగ్గుపడేదాన్ని నేను, ముప్పై వేలు అప్పు అడగటానికి సిగ్గుపడలేదు. మీరూ ఒకసారి ఆలోచించండి.

ప్రోటీన్ తింటే బరువు ఎట్టా తగ్గుద్ది అనేది నాకు అర్థమైనంత చెప్తా. కడుపు నిండినట్టు ఎక్కువసేపు ఉంటది, అది మొదటి లాభం, నాకైతే అదే అన్నిటికన్నా పెద్దది. రెండోది, ప్రోటీన్ అరిగించుకోటానికే ఒళ్ళు అందులో 20 నుంచి 30 శాతం క్యాలరీలు ఖర్చు పెట్టేస్తది, అన్నం లాంటి వాటికి 5 నుంచి 10 శాతమే. ఇంకోటి ఏందంటే, తిండి తగ్గించినప్పుడు కొవ్వు ఒక్కటే పోదు, కండ కూడా కరుగుద్ది, నేను షేకులతో తగ్గిన ఆరు కేజీల్లో కండ కూడా పోయిందనే తొడల్లో సత్తువ తగ్గింది అనుకుంటున్నా. సరిపడా ప్రోటీన్ తిని, ఒంటికి పని చెప్తే కండ నిలబడుద్ది. పని అంటే జిమ్ కాదు, కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవటం, పదిసార్లు, అట్టా మూడు దఫాలు, మొదట్లో నాకు ఆరుసార్లకే కాళ్ళు వణికినాయి. నలభై దాటినాక కండ తనంతట తనే తగ్గుతా ఉంటది కాబట్టి ఇది మనకి ఇంకా ముఖ్యం. అయితే ఒక మాట, ప్రోటీన్ తింటున్నా కదా అని అన్నం, నూనె అట్నే ఉంచి దాని మీద గుడ్లు, మాంసం కలిపితే తగ్గదు, పెరుగుద్ది. కంచంలో ఒకటి పెరిగితే ఒకటి తగ్గాలి.

నా కంచం ఇప్పుడు ఎట్టా ఉంటదంటే, పొద్దున రెండు గుడ్లు, ఒక్కో గుడ్డులో 6 గ్రాములు, పచ్చసొన తీసెయ్యను. మధ్యాహ్నం అన్నం 200 గ్రాములు, పప్పు మాత్రం చిక్కగా, ఐదుగురికి చారెడు కాదు 200 గ్రాములు వేస్తన్నా, గరిట నిలబడాలి అందులో. గడ్డ పెరుగు ఒక గిన్నె. సాయంత్రం ఐదుకి ఉడకబెట్టిన శనగలు ఒక గుప్పెడు. రాత్రి రెండు జొన్నరొట్టెలు, ఒక గుడ్డు కూర. ఇది 55 గ్రాముల దాకా వస్తది, పప్పు బదులు చేపలు తిన్న రోజు 70 దాటుద్ది. చేపల విషయంలో మనంత అదృష్టవంతులు ఎవరున్నారు చెప్పండి, జువ్వలదిన్నె, తుమ్మలపెంట నుంచి గంపలు మన వీధిలోకి వస్తాయి. వంజరం, చందువా కొనలేకపోతే నెత్తళ్ళు, కవళ్ళు కొనండి, ప్రోటీన్‌లో తేడా ఏమీ లేదు, నెత్తళ్ళు ముల్లుతో సహా తింటాం కాబట్టి కాల్షియం కూడా వస్తది. ఎండు చేపలు మంచివే కానీ ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్నోళ్ళు చూసుకోవాలి. మన చెరువుల్లో రొయ్యలు ఎక్కడెక్కడి దేశాలకో పోతాయి, 2025లో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యల రైతులు ఎంత కంగారు పడ్డారో చూశాం, మన ఇళ్ళల్లో నెలకి రెండుసార్లు రొయ్యల కూర వండుకుంటే వాళ్ళకీ ఎంతో కొంత ఆసరా.

మాంసం, చేపలు తినని అక్కలు బాధపడొద్దు. పెసరట్టు ఉంది, అల్లం వేసి, ఉప్మా లేకుండా. అలసందలు, ఉలవలు ఉన్నాయి. మీల్ మేకర్ ఎండువి 30 గ్రాములు తీసుకుంటే 15 గ్రాముల ప్రోటీన్ వస్తది, పిల్లలు కూడా తింటారు. పప్పుని అన్నంతోనో రొట్టెతోనో కలిపి తినటంలో ఒక మేలుంది, ప్రోటీన్‌లో ఒక భాగమైన లైసిన్ అనేది అన్నంలో తక్కువ, పప్పులో అది ఎక్కువ, పప్పులో తక్కువైంది అన్నంలో ఉంటది, రెండూ కలిస్తే లోటు పూడుద్ది. వేరుశనగ గింజల దగ్గర మాత్రం జాగ్రత్త. వంద గ్రాముల్లో 25 గ్రాముల ప్రోటీన్ ఉన్న మాట నిజమే కానీ 550 క్యాలరీలు కూడా ఉంటాయి, సగం నూనె కదా. ప్రోటీన్ అనుకుని సాయంత్రం టీవీ ముందు గిన్నెడు తిన్నారంటే అన్నం తగ్గించింది అంతా అక్కడే వెనక్కొస్తది. శనగలతో గ్యాస్ వస్తదని మా అత్తమ్మ మొదట్లో వద్దంది, రాత్రి నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి, కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, తిరగమోతలో ఇంగువ వేస్తే ఇప్పుడు తనే గిన్నె ముందుకు జరుపుతోంది. మొదటి వారం అర గుప్పెడే తినండి, పొట్ట అలవాటు పడాలి.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదవండి. కనిగిరి వైపు నీళ్ళల్లో ఫ్లోరైడ్ గురించి మనకి కొత్తగా చెప్పక్కర్లా, ఆ వైపు చాలా ఊళ్ళల్లో కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కి తిరిగే ఇళ్ళు కూడా ఉన్నాయి. కిడ్నీ పాడైనా చాలా రోజులు పైకి ఏమీ తెలీదు. కిడ్నీ జబ్బు ఉన్నోళ్ళు ప్రోటీన్ పెంచకూడదు, డాక్టర్ చెప్పినంతే తినాలి. అందుకని షుగర్ గానీ బీపీ గానీ ఉన్నోళ్ళు, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉన్నోళ్ళు, కిడ్నీలు ఎట్టా ఉన్నాయో తెలిసేట్టు ముందు ఒక్కసారి రక్తంలో క్రియాటినిన్, యూరిన్‌లో ప్రోటీన్ చూపించుకుని మొదలుపెట్టండి. షుగర్‌కి ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, గ్లిమిపిరైడ్ లాంటి బిళ్ళలు వేసుకునేవాళ్ళు అన్నం ఒక్కసారిగా తగ్గించొద్దు, షుగర్ డౌన్ అయ్యి కళ్ళు తిరిగి పడిపోతారు, డాక్టర్‌కి చెప్పి మందు మార్పించుకుని తగ్గించండి. 2024లో ఆ జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళే కొత్త సూచనల్లో కండ పెంచుకోటానికి ప్రోటీన్ పౌడర్లు వాడొద్దని చెప్పారు. జబ్బు చేసి లేచినోళ్ళకి డాక్టర్ రాసిస్తే అది వేరే సంగతి.

ఇక సంఘాలని అడగాల్సింది అడుగుతా. మన కలిగిరి మండలం దూబగుంటలో 1992లో ఆడవాళ్ళు సారా పాకలు మూయించారు, రోశమ్మ గారి పేరు దేశం అంతా తెలిసింది, 1993 అక్టోబరులో రాష్ట్రం మొత్తం సారా ఆగింది. సారాకి పోయే డబ్బులు ఇంట్లో నిలిచినాకే రోజుకి రూపాయి చొప్పున మన జిల్లా ఆడవాళ్ళు పొదుపు మొదలుపెట్టారు, మన సంఘాల పుట్టుక అదే. అట్టా కూడబెట్టిన పొదుపులోంచి ఇవాళ డబ్బాలకి అప్పు ఇస్తున్నాం, ఇంటి అవసరం అని రాసి. నేను సంతకం పెట్టా కాబట్టి నేనే ముందు చెప్తున్నా, వచ్చే మీటింగ్ నుంచి మా సంఘంలో బరువు తగ్గే పౌడర్‌కి అప్పు ఇవ్వకూడదని తీర్మానం పెడతా. మీ సంఘాల్లో కూడా పెట్టండి. అడిగిన చెల్లిని మాత్రం సిగ్గుపడేట్టు చెయ్యొద్దు, ఆమెకి బరువు తగ్గాల్సిన అవసరం నిజంగానే ఉంది, దారి చూపించకుండా వద్దని చెప్తే ఇంకెక్కడో వడ్డీకి తెచ్చుకుంటది.

దారి ఏందంటే, మీటింగ్‌లో కిస్తీలు కట్టుకున్నాక పది నిమిషాలు. బరువు చూసుకోవటం, టేపుతో నడుము కొలుచుకోవటం, టేపు నా దగ్గర ఎట్టాగూ ఉంటది. ఆడవాళ్ళకి నడుము చుట్టు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. నాకు 98 ఉండేది, ఏడాదిన్నరకి 87కి వచ్చింది, బరువు 81 నుంచి 70. నెలకి అర కేజీ, ముప్పావు కేజీ, ఒక్కో నెల అసలు కదల్లా, అయినా ఈసారి వెనక్కి పెరగలా. పోయినసారి పరగడుపు షుగర్ 102.

ఇంకొకటి, శనగలు, పెసలు కలిసి కొందాం. మా పుట్టింటి వైపు నల్లరేగడిలో శనగల్లో జేజీ 11, కాక్ 2 అనే రకాలు వేస్తారు, ఫిబ్రవరి మార్చిలో కోత, రేటు లేక కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని రైతులు ఏడ్చిన ఏళ్ళు నేను చూశా. మా అన్న కూడా మూడెకరాలు వేశాడు. నలభై మంది తలా రెండు కేజీలు అంటే ఎనభై కేజీలు, ఆటోలో వచ్చేస్తది, మధ్యలో కొట్టు లాభం ఉండదు. గుడ్లు కూడా అట్ట మీద అట్టలు కలిపి తెచ్చుకుంటే తేడా పడుద్ది.

మీ ఇంట్లో అత్తమ్మలకి కూడా ఇది చదివి వినిపించండి. మా అత్తమ్మకి ఇప్పుడు రెండు ముక్కలు వేస్తున్నా, ముసలితనంలో కండ పోతేనే కింద పడటాలు, తుంటి విరగటాలు. ఆడపిల్లల కంచాలు కూడా చూడండి, వాళ్ళు అడగరు.

వచ్చే నెల 10వ తారీఖు మా సంఘం మీటింగ్, మధ్యాహ్నం మూడింటికి. బరువు మిషన్, టేపు, తూకం నేను తెస్తా, రెండు కేజీల శనగలు ఉడకబెట్టి మామిడి తురుము వేసి తెస్తా. పక్క సంఘాల వాళ్ళు కూడా రావచ్చు. ఎవరికి ఎన్ని కేజీల శనగలు, ఎన్ని కేజీల పెసలు కావాలో మీ సంఘం పేరుతో చీటీ మీద రాసుకుని రండి. పౌడర్ అడిగిన ఆ చెల్లిని నేను ఇంటికెళ్ళి నాతో పాటు తీసుకొస్తా.

మీ సంఘం అక్క,
కావలి